ఆరో నెలంటే ఎవరూ నమ్మడం లేదు

కావలి దగ్గర ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఊరు, పేరు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు 26 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త కువైట్‌లో డ్రైవరు. డిసెంబరు 20న సెలవు మీద వచ్చి, సంక్రాంతి చేసుకుని, ఫిబ్రవరి 10న తిరిగి వెళ్ళాడు. ఈమెకు ఆఖరిసారి నెలసరి వచ్చింది జనవరి 20న. ఫిబ్రవరి 17 ప్రాంతంలో రావాల్సింది రాలేదు. మార్చి 17న మొదటి స్కాన్‌లో 8 వారాలన్నారు. జూన్ 9న బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసి 20 వారాలు, బిడ్డ బరువు 320 గ్రాములు, ఉమ్మనీరు సరిపడా ఉంది, బిడ్డకు పోషణ అందించే మాయ గర్భసంచి ముందు గోడకు ఉంది అని రాసిచ్చారు. జూన్ 23న ఈ ఉత్తరం రాసేనాటికి 22 వారాలు. మొదటి కాన్పు. మనిషి 5 అడుగుల 7 అంగుళాలు, కాలేజీలో ఖోఖో ఆడేది. పెళ్ళప్పటి 54 కిలోలు ఇప్పుడు 58 అయ్యాయి.

పొట్ట మాత్రం కనిపించడం లేదు. చీరలో అసలు తెలియదు, నైటీలో కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. పక్కింటావిడ నవ్వుతూ "ఏందమ్మే, అన్నం ఎక్కువ తిన్నట్టుండావు గానీ కడుపుతో ఉన్నట్టు లేవే" అంది. తోటికోడలికి రెండో కాన్పులో మూడో నెలకే పొట్ట వచ్చిందట, ఇంట్లో ప్రతి పోలికా ఆమెతోనే. స్కూలుకు వెళ్ళే బస్సులో ఎవరూ లేచి సీటివ్వరు. అత్తగారు మొదట్లో "తిండి చాలక బిడ్డ ఎదగలా" అని కంచం నిండా వడ్డించేది. ఇప్పుడు "ఏడో నెల పడింది, పొట్టేమో నాలుగో నెలలా ఉండాది, ఇట్టా సీమంతం చేస్తే నలుగురూ నవ్వరా" అంటోంది. ఆడపడుచు ఇంకో మాట అంది, వంటింట్లో, ఈమె చెవిన పడేలా: "మా తమ్ముడు పోయినాక గదా నెల తప్పింది. లెక్క ఎట్టా సరిపోద్ది? పుట్టినాక తెలుస్తుందిలే." ఆ మాట భర్తకు చెప్పలేదు. చెబితే పరాయి దేశంలో అతనికి నిద్ర పట్టదని.

మూడో పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది: "రక్తం 9.4 ఉందన్నారు, ఐరన్ మాత్రలు వేసుకుంటే వాంతి వస్తోందని నెల నుంచి మానేశాను."

ఆఖర్న ముఖ్యంగా అడిగింది రెండు. నా బిడ్డ నిజంగా ఎదుగుతోందా? వీళ్ళతో నేనేం చేయాలి? మీ కూతురనుకుని చెప్పండి.

* * *

కూతురనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. నేను డాక్టరును కాను. ప్రకాశం జిల్లా ఆసుపత్రుల్లో ఇరవై ఏడేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే. నీ కాగితాలు చూసి నిర్ణయం చెప్పాల్సింది నిన్ను చూస్తున్న డాక్టరమ్మే.

నీ మొదటి ప్రశ్నకు జవాబు నువ్వే రాశావు. 20 వారాలకు 320 గ్రాములంటే ఆ వయసు బిడ్డ ఎంత ఉండాలో అంతే ఉంది. ఉమ్మనీరు బాగుంది. ఆ స్కాన్‌లో తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలుస్తారు. ఆ కొలతల నుంచే బరువు లెక్కకడతారు. పక్కింటావిడ నీ చీర కుచ్చిళ్ళు చూసి చెప్పిన దానికంటే అది నమ్మదగ్గ లెక్క కదా.

ఇక నెలలు. మీ ఇంట్లో ఒకే కడుపుకు మూడు లెక్కలు నడుస్తున్నాయి. గొడవకు సగం కారణం అదే.

మీ అత్తగారికి నీ నెలసరి తేదీలతో పనిలేదు. కొడుకు గడపలో అడుగుపెట్టిన రోజు గుర్తుంది. డిసెంబరు 20 నుంచి లెక్కేస్తే జూన్ 20కి ఆరు నెలలు నిండాయి, ఏడోది పడింది. ఆవిడ ఏడో నెల పొట్ట కోసం చూస్తోంది, పాపం. మీ ఆడపడుచు నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడుతోంది. ఫిబ్రవరి 17 నుంచి చూస్తే నాలుగు నెలలు దాటి ఐదోది నడుస్తోంది. పైగా ఆ తేదీ తమ్ముడు విమానం ఎక్కిన తర్వాత వస్తుంది, అందుకే ఆవిడ నోటికి ఆ మాట దొరికింది. ఆసుపత్రిలో మాత్రం ఆఖరి నెలసరి మొదటి రోజు, అంటే జనవరి 20 నుంచి లెక్క. దాని ప్రకారం 22 వారాలు, ఆరో నెల నడుస్తోంది.

జనవరి 20న నీకు కడుపే లేదు, గమనించు. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్ళకు అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాల తర్వాత. నీ విషయంలో ఫిబ్రవరి 3 అటూ ఇటూ. ఆ తర్వాత ఇంకో రెండు వారాలకు నెలసరి రావాలి, అది రాకపోతే అప్పుడు తెలుస్తుంది. నెల తప్పిన రోజంటే కడుపు తెలిసిన రోజు, మొదలైన రోజు కాదు. ఎవరికైనా మొదలైన రెండు వారాలకు గానీ నెల తప్పదు. నీ భర్త ఫిబ్రవరి 10న వెళ్ళాడు, 17న నీకు నెల తప్పింది. ఇందులో సరిపోనిదేమీ లేదు.

మార్చి 17 నాటి స్కాన్ కాగితం జాగ్రత్తగా దాచుకో. ఆడపడుచుకు చూపించడానికి అని కాదు, దాని వల్ల ఇంకా పెద్ద పని ఉంది. తొలి మూడు నెలల్లో బిడ్డ నిలువు పొడవు కొలిచి చెప్పే వయసు వారానికి మించి తప్పదు. నెలలు పెరిగేకొద్దీ స్కాన్ చెప్పే వయసులో తేడా పెరుగుతుంది, ఆఖరి నెలల్లో రెండు మూడు వారాల దాకా తప్పొచ్చు. అందుకని తర్వాత ఏ స్కాన్‌లో "వయసు రెండు వారాలు తక్కువ చూపిస్తోంది" అన్నా, కాన్పు తేదీని మార్చకూడదు. తేదీ అదే ఉంచి, బిడ్డ ఎదుగుదల ఎందుకు తగ్గిందని చూడాలి. నీ కాన్పు తేదీ అక్టోబరు 27. మీ అత్తగారి లెక్క ప్రకారం సెప్టెంబరు నెలాఖరుకే పురుడు రావాలి. అప్పుడు "ఇంకా నొప్పులు రాలేదే" అని ఇంకో గొడవ మొదలవుతుంది, ఆ తేదీ ఇప్పుడే గట్టిగా చెప్పి ఉంచు.

పొట్ట ఎందుకు తెలియడం లేదో ఇప్పుడు చెబుతాను. గర్భసంచి 12 వారాల దాకా కటి ఎముకల గిన్నెలోనే ఉంటుంది, బయటికి కనిపించే ప్రశ్నే లేదు. 16 వారాలకు బొడ్డుకూ పొత్తికడుపు అడుగున ఉండే కింది ఎముకకూ మధ్య దాకా వస్తుంది. 20 వారాలకు బొడ్డు దగ్గరికి. ఇప్పుడు నీ గర్భసంచి పై అంచు బొడ్డుకు కాస్త పైన ఉండాలి. లోపలి బిడ్డ అర కిలోకి దగ్గర్లో ఉంటుంది. 28 వారాలకు కిలో, కాన్పు నాటికి మూడు కిలోలు. అంటే బరువులో పెద్ద వాటా చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. జనం వెతికే పొట్ట కూడా అప్పుడే వస్తుంది.

నీకైతే ఆలస్యం కావడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. మొదటి కాన్పు. పొట్ట కండరాలు ఇంకా ఒకసారైనా సాగలేదు, అందులోనూ ఆటలాడిన ఒళ్ళు. అవి గట్టిగా పట్టి ఉంచుతాయి. మనిషివి పొడవు, నడుముకూ పక్కటెముకలకూ మధ్య చోటు ఎక్కువ. గర్భసంచికి పైకి పెరగడానికి దారి ఉంది, ముందుకు తోసుకు రావలసిన అవసరం లేదు. మీ తోటికోడలు పొట్టిగా ఉంటుందని రాశావు. రెండో కాన్పు. ఒకసారి సాగిన కండరం రెండోసారి త్వరగా జారుతుంది. ఆమెకు పైకి పోయే చోటు లేక పొట్ట ముందుకు వచ్చింది. ఆమె బిడ్డ పెద్దదనీ కాదు, నీ బిడ్డ చిన్నదనీ కాదు. ఇంకో మాట, మూడో నెలకే పొట్ట వచ్చిందని మురిసిపోయేవాళ్ళలో చాలామందిది గ్యాసూ మలబద్ధకమూనే. గర్భం నిలబడటానికి పుట్టే హార్మోను పేగుల కదలికను కూడా మందగింపజేస్తుంది. పొద్దున తగ్గి సాయంత్రానికి ఉబ్బే పొట్ట ఆ రకమే. వార్డులో మేం నవ్వుకునేవాళ్ళం, ఆ అమ్మాయిల ముందు కాదులే.

మొదటి స్కాన్‌లో "గర్భసంచి వెనక్కి వంగి ఉంది" అని రాశారని కంగారు పడ్డావు. ఐదుగురిలో ఒకరికి అలాగే ఉంటుంది. తొలి నెలల్లో పొట్ట తెలియకపోవడానికి అది కారణం కావచ్చు గానీ, 12, 14 వారాలకు అదే లేచి పైకి వస్తుంది. ఇప్పుడు దాని గురించి ఆలోచించకు. మాయ ముందు గోడకు ఉండటానికీ పొట్ట సైజుకూ సంబంధం లేదు. బిడ్డ తన్నులు దిండు మీద తన్నినట్టు మెత్తగా తెలుస్తాయి, అంతే. పోయిన వారమే మొదటిసారి తెలిసిందన్నావు, మొదటి కాన్పుకు అది మామూలే.

చిన్న పొట్ట అయితే మగబిడ్డ, పెద్దదైతే ఆడబిడ్డ, కొన్ని ఊళ్ళలో దానికి తిరగేసి. రెండూ వట్టివే. ఎవరైనా స్కాన్ సెంటర్లో "కనుక్కుందాం" అంటే వెళ్ళకు. అలా అడగడమూ, చెప్పడమూ 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

సరే, ఇప్పుడు నీమీద కోప్పడే చోటికి వచ్చాను.

నాలుగు పేజీల్లో మూడున్నర పొట్ట గురించి, ఆడపడుచు గురించి. ఆ ఒక్క వాక్యంలో రక్తం సంగతి దాటేశావు. నాకు నీ ఉత్తరంలో కంగారు పుట్టించింది అదొక్కటే. ఆ 9.4 అంటే హిమోగ్లోబిన్. గర్భిణికి అది 11 ఉండాలి. 10 దిగితే దాన్ని చిన్న రక్తహీనత అనరు. 9.4తో ఐరన్ మానేసి నెలయింది. పొట్ట కనిపించకపోవడం వల్ల బిడ్డ ఎదుగుదల ఆగదు, రక్తం లేకపోతే తగ్గొచ్చు. నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. కాన్పులో మామూలుగా పోయే రక్తమే నిన్ను పడగొట్టొచ్చు. నేను అలాంటి రాత్రులు చూశాను, వర్ణించను.

వాంతి వస్తే మానేయడం కాకుండా వేరే దారులున్నాయి. పరగడుపున వేసుకుంటే కొందరికి తిప్పుతుంది, రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకుని పడుకో. టీ, కాఫీ, పాలతో వద్దు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్ర దాంతో కలపకు, అది పగలు అన్నంతో వేసుకో. నిమ్మకాయ నీళ్ళో, జామపండో తోడుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర రంగే, భయపడకు. అప్పటికీ పడకపోతే డాక్టరమ్మకు చెప్పు, రకం మారుస్తారు, లేదా ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కిస్తారు. నీ అంకె చూసి మోతాదు పెంచాలా అన్నదీ ఆమే చెబుతుంది. ఇది వాయిదా వేసే పని కాదు, ఈ వారంలోనే వెళ్ళు.

తిండి సంగతి. ఇద్దరి తిండి తినమనడం పాతమాట. నీకు రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు, అంటే రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు అనుకో. కంచం నిండా అన్నం పెడితే నీకు కొవ్వు చేరుతుంది, బిడ్డకు కాదు. ఆకుకూర, పప్పు, గుడ్డు, చేప అడుగు. మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఒక మాట: సొర చేప ఇప్పుడు వద్దు, పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది. చిన్న చేపలు బాగా ఉడికించి సుఖంగా తిను. ఇప్పటికి నాలుగు కిలోలు పెరిగావు, ఫర్వాలేదు. ఇక నుంచి నెలకు రెండు కిలోల దాకా పెరగాలి. అలా పెరగకపోతే చెప్పు.

పొట్ట కళ్ళతో చూసేది కాదు, టేపుతో కొలిచేది. కింది ఎముక నుంచి గర్భసంచి పై అంచు దాకా కొలిస్తే, 24 వారాల నుంచి ఎన్ని వారాలో సుమారు అన్ని సెంటీమీటర్లుంటుంది, రెండు మూడు అటూ ఇటూ. ఒక్క కొలత కంటే వరసగా రెండు మూడు కొలతలు ముఖ్యం. పెరగడం ఆగిపోయినా, బాగా వెనకబడినా ఎదుగుదల స్కాన్ రాస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా చూస్తారు, 2016 నుంచీ ఉంది. జూలై 9కి నీకు 24 వారాలు దాటుతాయి. సరిగ్గా ఆ రోజుకు వెళ్ళి, టేపు పెట్టమని నోరు తెరిచి అడుగు. అంకెను మాతా శిశు కార్డులో రాయించుకో. కదలికలు మళ్ళీ తెలియకుండా పోయినా, నీళ్ళు కారినా, రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, ముఖం వాచినా 9వ తేదీ దాకా ఆగకు, 108కి ఫోన్ చెయ్.

ఇక ఆ ఇంటి సంగతి. దీనికి మాత్ర లేదు, నేను దారులు చెబుతాను, నడవాల్సింది నువ్వు.

స్కాన్ కాగితం ఆడపడుచు ముందు పెట్టి తేదీలు విప్పి చెప్పొచ్చు. ఆ పూటకు నోరు మూతపడుతుంది. కానీ ఎవరో అడిగారని నీ శీలానికి కాగితం చూపించడం ఒకసారి మొదలుపెడితే, రేపు బిడ్డ ముక్కు ఎవరి పోలికో కూడా నువ్వే రుజువు చేయాల్సి వస్తుంది. నా కూతురైతే ఈ దారి ఆఖరికి ఉంచుకోమంటాను.

భర్తకు చెప్పడం రెండోది. అతనికి నిద్ర పట్టదని దాచావు. మంచి మనసే. అయితే ఆ మాట నీ నోటి నుంచి కాకుండా అక్క నోటి నుంచి వెళితే ఎలా వెళ్తుందో ఊహించు. నువ్వు చెబితే తేదీలతో సహా వెళ్తుంది. ఏడుస్తూ రాత్రి పన్నెండింటికి కాదు, సెలవు రోజున తీరిగ్గా, "నువ్వు అమ్మతో మాట్లాడు, నన్ను మధ్యలో పెట్టకు" అని. అత్తగారు "కోడలు ఎక్కించింది" అంటుంది, అనకుండా ఉండదు. ఆ ఒక్క మాట భరించగలిగితే ఈ భారం నువ్వొక్కదానివే మోయక్కర్లేదు. అతను నిన్నే అనుమానిస్తే? అప్పుడు అది పొట్ట సమస్యా కాదు, ఆడపడుచు సమస్యా కాదు. నాకు మళ్ళీ రాయి, ఆ ఉత్తరానికి వేరే జవాబు ఉంటుంది. నీ రాతలో అతను అలాంటివాడని నాకనిపించలేదు.

మూడోది, అత్తగారిని 9వ తేదీకి వెంట తీసుకెళ్ళడం. నాకిదే నచ్చింది. ఎన్ని లెక్కలు చెప్పినా తగ్గని అత్తలు, బిడ్డ గుండె చప్పుడు గుర్రం పరుగులా వినబడేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చాలాసార్లు చూశాను. నెలల లెక్క నువ్వు చెబితే వాదన, నర్సు చెబితే సమాచారం. ఆవిడ చెడ్డదని నాకు అనిపించడం లేదు, లెక్క తప్పింది, నలుగురికీ భయపడుతోంది. అయితే ఆ రోజు రద్దీగా ఉండి, విసుక్కునే సిస్టరు దొరికితే ఫలితం తిరగబడొచ్చు కూడా. పొద్దున్నే వెళ్ళండి.

పుట్టింటికి ముందే వెళ్ళిపోనా అని కూడా అడిగావు. కనిగిరిలో అమ్మ దగ్గర నీకు మనశ్శాంతి దొరుకుతుంది, నిజమే. ఏడో నెల కాకుండా ఆరో నెలలోనే వెళ్తే "ఎందుకు పంపారో" అని ఇంకో కథ పుడుతుంది, అదీ నిజమే. ఆసుపత్రి మారుతుంది, జీతం పోతుంది. ఇంట్లో తిండి, నిద్ర కరువయ్యే పరిస్థితి ఉంటే ఎవరేమనుకున్నా రేపే వెళ్ళు. అంత లేకపోతే తొందర లేదు. మీ స్కూల్లో పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేస్తుంటే, గడిచిన ఏడాదిలో 80 రోజులు చేసి ఉంటే, 26 వారాల జీతంతో సెలవు చట్టప్రకారం నీది. అందులో కాన్పుకు ముందు 8 వారాలు వాడుకోవచ్చు. రాజీనామా మాత్రం ఎవరు చెప్పినా రాసివ్వకు.

సీమంతం వాయిదా వేస్తే వేయనీ. అది పోట్లాడదగ్గ విషయం కాదు. ఆగస్టు 4కి నీకు 28 వారాలు నిండుతాయి, అప్పటికి గాజులు తొడిగేవాళ్ళకు చూసేందుకు ఏదో కాస్త ఉంటుంది. లేకపోయినా గాజులు చేతికే కదా తొడిగేది.

బస్సులో మాత్రం రేపటి నుంచే అడుగు. ముందు వరుసలు ఆడవాళ్ళవి, కూర్చున్నవాళ్ళకు నీ కడుపు కనిపించదు, నువ్వు చెబితే వినిపిస్తుంది. "కడుపుతో ఉన్నానక్కా, కాస్త జరగండి" అంటే పదిమందిలో ఎనిమిదిమంది లేస్తారు. 9.4 రక్తంతో నిలబడి ప్రయాణం చేస్తే కళ్ళు తిరుగుతాయి.

జూలై 9 తర్వాత ఒక కార్డు ముక్క రాయి. టేపు ఎన్ని సెంటీమీటర్లు చూపించిందో, మాత్రలు ఎన్ని రోజులు ఆపకుండా వేసుకున్నావో, ఆ రెండూ రాస్తే చాలు.